ఆదివారం ఆయనది సరే, నాది ఏ రోజు?

బ్రాడీపేట_అమ్మాయి (గుంటూరు) | ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. పోస్టు కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

పెళ్లయి తొమ్మిదేళ్లు. బాబు ఒకటో తరగతి. అత్తయ్య గారు మాతోనే ఉంటారు. ఆయనది గవర్నమెంటు ఉద్యోగం, నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. ఆయనకు పక్షుల ఫొటోలంటే ప్రాణం. నవంబరు వచ్చిందంటే ప్రతి ఆదివారం తెల్లవారకముందే కెమెరా బ్యాగు తగిలించుకుని బయల్దేరతారు. ఉప్పలపాడు, లేదంటే కైకలూరు దగ్గర ఆటపాక, లేదంటే సూర్యలంక. తాగుడు లేదు, పేకాట లేదు, ఇంతకంటే ఏం కావాలే నీకు అని మా అమ్మే నన్ను కోప్పడుతుంది.

నాకేం కావాలో చెప్తాను. మా వీధి గుళ్లో కోలాటం నేర్పుతున్నారు. మంగళ, గురు, శనివారాలు సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. స్కూల్లో ఉన్నప్పుడు వేసేదాన్ని. మళ్లీ కర్రలు పట్టుకున్నాక రోజంతా లెడ్జర్ల ముందు కూర్చున్న నడుం నొప్పి కూడా గుర్తు రావడం లేదు. ధనుర్మాసంలో ప్రదర్శనలు ఉంటాయి, భోగి నాడు గోదా కల్యాణంలో పెద్ద కార్యక్రమం. అడిగితే ఆయన "వెళ్లు, నేనేమన్నా వద్దన్నానా" అన్నారు. నిజమే, వద్దనలేదు. కానీ నేను వెళ్లే రోజు ఐదున్నరకు ఆఫీసు నుంచి వచ్చి, కూర చేసి, అన్నం వార్చి, బాబు చేత హోంవర్కు సగం చేయించి, అత్తయ్య గారి షుగర్ మాత్ర చేతిలో పెట్టి పరుగెత్తాలి. అక్కడికి వెళ్లాక ఫోన్లు. "వాడి డ్రాయింగ్ బుక్ ఎక్కడ?" "పెరుగు తోడు పెట్టావా?" ఆయన ఆదివారం వెళ్లేటప్పుడు ఇవేవీ ఉండవు. బూట్లు వేసుకుని వెళ్లిపోవడమే. పది, పదకొండుకు వచ్చి టిఫిన్ తిని నిద్ర. లేచాక ల్యాప్‌టాప్‌లో ఫొటోలు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆదివారం అయిపోతుంది.

సీజన్ల వారీగా పంచుకుందాం అని ఆయనే ఒక మాట అన్నారు. చలికాలం ఆయనకు, ఎండాకాలం నాకు. వినడానికి బాగానే ఉంది. కానీ ఫిబ్రవరి నుంచి కొత్త కాయ యార్డుకి ముమ్మరంగా దిగుతుంది, ఏప్రిల్ దాకా మాకు ఊపిరాడదు. స్టోరేజీలు నిండేది అప్పుడే. మే నెలలో యార్డుకి సెలవులు ఇచ్చేసరికి ఆవకాయ పని మీద పడుతుంది. నాకు కాస్త ఖాళీ దొరికేదే ఆయన పక్షులు వచ్చే నెలల్లో.

మీ ఇళ్లల్లో ఎలా సర్దుకుంటున్నారు? "ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి" అని మాత్రం చెప్పకండి. మాట్లాడుకున్నాకే ఇక్కడికి వచ్చాను.


బెజవాడ_బుల్లెట్ | రాత్రి 10:41

అక్కా, ఆ పెరుగు ఫోన్ మా ఇంట్లో రివర్స్‌లో వస్తుంది. నేను బండి మీద కొండపల్లి ఖిల్లా ఎక్కుతుంటే సరిగ్గా మలుపు దగ్గర మా ఆవిడ ఫోన్, "గ్యాస్ బుక్ చేశారా" అని. ఇప్పుడు శనివారం రాత్రే గ్యాస్, కరెంటు బిల్లు, వాటర్ క్యాన్ అన్నీ చూసుకుని వెళ్తున్నా. రైడ్‌లో హెల్మెట్ తర్వాత అంత ముఖ్యం అదే.


పాతకాలం_పెద్దాయన | రాత్రి 11:05

పెళ్లయ్యాక ఎవరి సరదా వారిదే అయితే ఇక పెళ్లెందుకు? మా రోజుల్లో సాయంత్రం పిల్లల్ని తీసుకుని బ్యారేజీ మీద కాసేపు నడిచేవాళ్లం, వస్తూ వస్తూ బీసెంట్ రోడ్డులో ఏదో ఒకటి కొనేవాళ్లం. అదే సరదా. ఆదివారం కుటుంబానిది. ఆయన కెమెరా పక్కన పెట్టాలి, మీరు కర్రలు పక్కన పెట్టాలి. పిల్లవాడు పెద్దయ్యాక ఎవరికి నచ్చింది వాళ్లు చేసుకోవచ్చు. కటువుగా అనిపిస్తే మన్నించండి.


కృష్ణలంక_కమల | సోమవారం ఉదయం 6:10

పెద్దాయన గారూ, మీ రోజుల్లో నేనూ ఉన్నానండీ. సాయంత్రమయ్యేసరికి మగవాళ్లంతా అరుగుల మీదో, టీకొట్టు దగ్గరో, పార్టీ ఆఫీసులోనో ఉండేవాళ్లు. దాన్ని హాబీ అని ఎవరూ అనలేదు, అంతే తేడా. ఆడవాళ్లం ఆషాఢంలో పుట్టింటికి, శ్రావణంలో పేరంటాలకు, కార్తీకంలో వనభోజనాలకు పోయేవాళ్లం. మొగుడూ పెళ్లాం విడివిడిగా కాలక్షేపం చేయడం మన కృష్ణా, గుంటూరు జిల్లాలకు కొత్తేమీ కాదు. కాకపోతే ఆడది గడప దాటాలంటే ఒక నోమో వ్రతమో అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది.

మా ఆయన అయ్యప్ప మాల వేసేవారు. 41 రోజులు. తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, పడిపూజలు, ఆఖర్న శబరిమల. ఇంట్లో పూచిక పుల్ల తీసి పక్కన పెట్టే పని లేదు. పైగా ఆయన భిక్షకు నేను మడిగా వేరే వంట చేయాలి. ఇంటికి టైము ఇవ్వడం లేదని ఎవరైనా అన్నారా? నేను భవానీ మాల వేసుకుంటానంటే మాత్రం, అవీ 41 రోజులే, దుర్గమ్మ కొండ మన ఇంటి నుంచి కనపడుతూనే ఉంటుంది, అయినా "ఇల్లెవరు చూస్తారు" అని మా ఆడపడుచు అడిగింది. దేవుడి పేరు చెప్పినా మగవాళ్లకు ఒక లెక్క, మనకొక లెక్క.

అమ్మాయీ, నేను కోలాటం ఇరవై ఏళ్ల పైనుంచీ వేస్తున్నా. ఒక్క మాట చెప్తా విను. వెళ్లే ముందు వండి పెట్టకు. వండి పెట్టి వెళ్లినంత కాలం నువ్వు వెళ్లినట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు.


ఉప్పలపాడు_కొంగ | ఉదయం 7:32

నేనూ పక్షుల పిచ్చోణ్ణే, మీవారి తరఫున కొంచెం మాట్లాడనివ్వండి. పొద్దున్నే ఎందుకు వెళ్తామంటే వెలుతురు. తెల్లవారాక రెండు మూడు గంటలు దాటితే ఎండ తెల్లగా అయిపోయి ఫొటోలో ఈకల రంగు పోతుంది. ఆ టైముకే పక్షులు కూడా మేత మీద చురుగ్గా ఉంటాయి. చలికాలం నాలుగు నెలలే మాకు పండగ. మీరు కూడా ఒక్కసారి ఆయనతో రండి. అలవాటైతే మీరే ఆయన్ని నిద్ర లేపుతారు.


బ్రాడీపేట_అమ్మాయి | ఉదయం 9:15

కొంగ గారూ, వచ్చానండీ. పెళ్లయిన కొత్తలో చాలాసార్లే వెళ్లాను. బాగుంటాయి, కాదనను. కానీ ఆయన సరదాకి నేను తోడు వెళ్తే నా సరదా తీరినట్టు ఎలా అవుతుంది? నేను ఆయన్ని కోలాటానికి రమ్మనడం లేదు కదా.

కమల గారూ, వండి పెట్టకుండా వెళ్తే అత్తయ్య గారు వండుతారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఆయన కదలరు, ఆవిడ కదులుతారు. అప్పుడు నాకే బాధగా ఉంటుంది. ఇంకో సంగతి, అత్తయ్య గారికి కోలాటం మీద అభ్యంతరం లేదు, "దేవుడి పనే కదా" అంటారు. మొన్న డిగ్రీ ఫ్రెండ్స్ విజయవాడలో కలుద్దామంటే మాత్రం, "అక్కడ ఏముంది?" అన్నారు. ఏమీ లేదు అత్తయ్యా, ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం అంటే అర్థం చేసుకునేవాళ్లు లేరు.


లెక్కల_మాస్టారు | ఉదయం 11:50

కొన్ని అంకెలు చెప్తాను, విసుక్కోకండి. కేంద్ర గణాంక శాఖ దేశమంతా తిరిగి ఎవరు రోజులో ఏ పనికి ఎన్ని నిమిషాలు పెడుతున్నారో లెక్క తీస్తుంది. టైమ్ యూజ్ సర్వే అంటారు. 2024 లెక్క ప్రకారం జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. అదీ ఆ రోజు ఇంటి పని చేసినవాళ్ల సగటు మాత్రమే. అసలు ముట్టుకోని మగవాళ్లు ఇందులోకి రారు. 2019లో ఇవే అంకెలు 299, 97. అంటే ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి. సంతోషించేలోపే చూస్తే మగవాళ్లకు కూడా తొమ్మిది తగ్గాయి. మిక్సీలు, వాషింగ్ మెషిన్లు, డెలివరీ యాప్‌లు ఇద్దరికీ పని తగ్గించి ఉంటాయని నా ఊహ. పని చేతులు మాత్రం మారలేదు.

కాబట్టి అమ్మాయి గారూ, మీరు అడగాల్సింది వారానికి నాలుగున్నర గంటల కోలాటం టైము కాదు. ఆ నాలుగున్నర గంటల్లో ఇంట్లో జరగాల్సిన పని ఎవరి పేరు మీద ఉంటుంది అని అడగండి.


బెజవాడ_బుల్లెట్ | ఉదయం 11:58

మాస్టారూ, 88 నిమిషాల్లో మా బావ వాటా ఎంతో తెలుసుకోవాలని ఉంది.


వారాంతం_కాపురం | మధ్యాహ్నం 1:20

మా కష్టం తిరగేసి ఉంది. నాది వెలగపూడి సచివాలయంలో ఉద్యోగం, మా ఆయనది హైదరాబాద్. శుక్రవారం రాత్రి వస్తారు, ఆదివారం రాత్రి వెళ్లిపోతారు. మిగతా రోజులన్నీ విడి విడిగానే. అందరూ అంటారు, మీకేం, కావలసినంత సొంత టైము అని. పాపతో, ఆఫీసుతో, బస్సుతో పోయేది సొంత టైము ఎలా అవుతుందండీ?

ఆయన వచ్చిన ఆ రెండు రోజుల్లో ఒక పూట నేను స్నేహితురాలితో గడపాలంటే తప్పు చేసినట్టు మొహం పెట్టేవారు. "నేను వచ్చేదే రెండు రోజులు" అని. ఆయన మాటా నిజమే. మేము చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సాయంత్రం దాకా నేను ఇంట్లో ఉండను. పాప, నాన్న ఉంటారు. మొదట్లో అది నాకోసం అనుకున్నాం. ఇప్పుడు పాపకు నాన్నతో ఒంటరిగా గడిపే టైము అదొక్కటే అయ్యింది. నేను ఉంటే ప్రతిదానికీ నా దగ్గరకే వస్తుంది మరి.

ఫ్రెండ్స్‌ని కలవడానికి గుంటూరు నుంచి విజయవాడ రావడానికి ఖర్చు అని ఎవరైనా అంటే, 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవని గుర్తు చేయండి. ఆధార్ పట్టుకెళ్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. మా ఆఫీసులో ఒకావిడ ఆ టికెట్లన్నీ దాచుకుంటోంది!


షటిల్_సుబ్బు | మధ్యాహ్నం 3:05

మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి చెప్తా. నచ్చితే తీసుకోండి.

నాకు పొద్దున షటిల్, మా ఆవిడకు మునిసిపల్ స్టేడియంలో వాకింగ్ బ్యాచ్. ఇద్దరికీ కావలసింది అదే గంటన్నర. రోజు మార్చి రోజు వెళ్తాం. ఎవరు ఇంట్లో ఉంటే ఆ పూట ఇంటికి వాళ్లే ఇన్‌ఛార్జ్. పిల్లలను లేపడం నుంచి స్కూల్ వ్యాన్ ఎక్కించే దాకా మొత్తం. సగం చేసి మిగతా సగం రెండో మనిషి వచ్చాక అనే బేరం లేదు. బయట ఉన్నవాళ్లకు ఫోన్ చేయాలంటే జ్వరమో దెబ్బో అయ్యుండాలి. సాక్స్ కనపడకపోతే ఫోన్ చేయకూడదు.

ఇందులో ఎవరూ చెప్పని కష్టం ఒకటుంది. నా డ్యూటీ రోజు మా చిన్నదానికి రెండు జడలు రెండు ఎత్తుల్లో ఉండేవి. బాక్సులో వరసగా ఉప్మానే. మా ఆవిడ వాకింగ్ నుంచి వచ్చి చూసి ఏమీ అనకుండా ఉండడానికి పడ్డ కష్టం నాకు తెలుసు. ఆ రోజు గనక జడ విప్పి మళ్లీ వేసి ఉంటే, మర్నాటి నుంచి "నాకు రాదులే, నువ్వే వేసి వెళ్లు" అని నేను హాయిగా తప్పుకునేవాణ్ణి. మగవాళ్లం అందులో ఆరితేరినవాళ్లం. అక్కా, మీరు గుడికి వెళ్లేముందు డ్రాయింగ్ బుక్ ఎక్కడుందో చెప్పి వెళ్లకండి. వెతుక్కోనివ్వండి. తిరిగొచ్చాక అన్నం మెత్తగా అయిందని కూడా అనకండి.


కృష్ణలంక_కమల | మధ్యాహ్నం 3:30

సుబ్బు బాబూ, బంగారం లాంటి మాట. కానీ ఒకటి కలుపు. తిరిగొచ్చేసరికి సింకులో గిన్నెలు ఉండకూడదు. వండి, తిని, గిన్నెలు నాకోసం అట్టిపెడితే అది డ్యూటీ చేసినట్టు కాదు.


షటిల్_సుబ్బు | మధ్యాహ్నం 3:34

అమ్మా, అది రూల్ నంబర్ వన్. ఇక్కడ రాయలేదంటే మా ఇంట్లో పనమ్మాయి ఉందని.


లక్ష్మీపురం_లెడ్జర్ | సాయంత్రం 5:48

టైము గురించే మాట్లాడుతున్నారు, డబ్బు సంగతి ఎవరూ ఎత్తరేం? పక్షులు తీసే పెద్ద లెన్స్ లక్ష దాటుతుంది. దాని మీద పెట్రోలు, టోల్, రూమ్. కోలాటానికి కర్రలు, ఒకే రంగు చీర. చీర కొనేటప్పుడు మనం ఇంట్లో చెప్పి కొంటాం, లెన్స్ మాత్రం "ఈఎంఐలో పెట్టాలే" అని వచ్చేస్తుంది. మా ఇంట్లో గొడవ టైము దగ్గర మొదలై ప్రతిసారీ ఇక్కడే తేలేది. ఇప్పుడు జీతాలు పడగానే ఇద్దరి ఖాతాల్లోకి ఒకే మొత్తం సొంత ఖర్చుకని వేసుకుంటాం. జీతాలు సమానం కావు, అయినా ఇది సమానమే. దానితో ఎవరు ఏం కొన్నా రెండోవాళ్లు అడగరు. ఆయన క్రికెట్ కిట్ ఆ డబ్బులోంచే. నా చిట్టీ పార్టీ కూడా.


కొత్తకాపురం_పటమట | రాత్రి 8:02

నాదొక చిన్న డౌట్. పెళ్లయి ఏడాది కాలేదు. మా ఆయనకు స్నేహితులు తక్కువ, ఇల్లే లోకం. నేను బయటికి వెళ్లొద్దని అనరు. "నేనూ వస్తా" అంటారు! బుక్ ఫెస్టివల్‌కి మా కాలేజీ అమ్మాయిలం జనవరిలో ప్రతి ఏడూ వెళ్తాం. స్టాళ్లన్నీ తిరిగి, మిరపకాయ బజ్జీలు తిని, రాత్రికి ఇంటికి. పోయినసారి ఆయనా వచ్చి మా వెనకాల సంచులు పట్టుకుని నడిచారు. పాపం అనిపించింది, చిరాకూ వేసింది. రావద్దని ఎలా చెప్పాలి?


వారాంతం_కాపురం | రాత్రి 8:20

సరదాగా తిప్పి చెప్పకండి, అర్థం కాదు. "ఆ రోజు మేం అమ్మాయిలమే వెళ్తాం. ఆ మరుసటి ఆదివారం మనిద్దరం మళ్లీ వెళ్దాం" అని ముందే, పండగ హడావుడి మొదలవకముందే చెప్పండి. రెండో భాగం మర్చిపోకుండా నిజంగా వెళ్లండి. ఒంటరిగా ఇంట్లో కూర్చోవడం కాదు ఆయన భయం, తను లెక్కలో లేనేమోనన్నది.


పాతకాలం_పెద్దాయన | రాత్రి 8:45

ఆ అబ్బాయి సంచులు మోశాడు. అంతకన్నా మంచి మొగుడు దొరకడు. పుస్తకాలు బరువు.


బెజవాడ_బుల్లెట్ | రాత్రి 8:47

పెద్దాయనకు మొదటిసారి లైక్ కొడుతున్నా.


మంగళగిరి_మగ్గం | రాత్రి 9:30

అందరికీ అత్తగారో, పనమ్మాయో, ఆదివారం సెలవో ఉన్నట్టు రాస్తున్నారు. మాది మగ్గం పని. ఆయన నేస్తే నేను కండెలు చుడతాను, ఇద్దరం ఒకే గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మాకు కావలసింది కలిసి ఉండే టైము కాదు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూడకుండా కాసేపు. ఆయన సాయంత్రం సెంటర్లోకి పోయి టీ తాగి వస్తారు. నేను పానకాల స్వామి కొండ మెట్లు ఎక్కి దిగుతాను. దండం పెట్టుకోవడం ఉంది, కానీ ఎక్కువ నడవడానికే. నాతో ఎవరూ మాట్లాడకుండా ఆ కాసేపు ఉంటే చాలు, వచ్చి వంట చేసుకుంటాను. ఆ టైములో పిల్లలు పక్కింట్లో ఉంటారు, వాళ్ల పిల్లలు ఇంకో రోజు మా ఇంట్లో. ఇద్దరు ఆడవాళ్లం మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటు. మగవాళ్లను కదిలించడం కంటే ఇదే తేలికైంది మాకు.


లెక్కల_మాస్టారు | రాత్రి 9:52

మీ పోస్టు చదివాక నా అంకెలు కాస్త చిన్నబోయాయి.


వేదిక_నిర్వాహకుడు | రాత్రి 10:15

మధ్యలో రెండు కామెంట్లు తీసేశాం. అవతలివాళ్ల భర్తల మీద, అత్తగార్ల మీద మాటలు జారకండి. అడిగినవారి ఇల్లు వారిది, మనం సలహా వరకే.


ఉప్పలపాడు_కొంగ | రాత్రి 10:40

పొద్దున నా పోస్టుకు అమ్మాయి గారు ఇచ్చిన జవాబు న్యాయమైనదే. అందుకే పక్షుల వైపు నుంచి పనికొచ్చే సంగతులు చెప్తాను, మీవారికి చూపించండి.

ఉప్పలపాడు మీ ఊరి నుంచి పది కిలోమీటర్లు కూడా లేదు. అక్కడ పక్షులు అడవిలో ఎక్కడో లేవు, ఊరి చెరువులో చెట్ల మీద, స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుని ఉంటాయి. దానికి ఆదివారమే అక్కర్లేదు, తెల్లవారుజామూ అక్కర్లేదు. సాయంత్రం మేత నుంచి కొంగలు తిరిగి గూళ్లకు దిగే వేళ వెలుతురు పొద్దుటి కంటే ఏం తీసిపోదు. ఆఫీసు కాస్త తొందరగా అయిన రోజు వెళ్లి చీకటి పడేసరికి ఇంట్లో ఉండొచ్చు. పిల్లాణ్ని తీసుకెళ్లొచ్చు కూడా, ఆ వయసు పిల్లలకు గూడబాతు (పెలికాన్) గొంతు సంచి చూపిస్తే ఇంక కార్టూన్లు అక్కర్లేదు. అన్నట్టు ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో అందరూ చెప్తారు, నమ్మకండి. ఎర్రకాళ్ల కొంగ, గూడబాతు రెండూ మన దేశపు పక్షులే. నీళ్లను బట్టి, మేతను బట్టి చోటు మారుతుంటాయి. దూరదేశాల నుంచి వచ్చేవి కొన్ని రకాల బాతులు, ఉల్లంకులనే నీటి ఒడ్డు పిట్టలు.

ఆటపాక, సూర్యలంక అంటారా, వాటికి నిజంగానే పూట పడుతుంది. అవి నెలకు ఒకటి పెట్టుకున్నా సీజన్ వృథా కాదు. ప్రతి ఆదివారం వెళ్లేది పక్షుల కోసం మాత్రమే కాదని మాకూ తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు బ్యాచ్ అంతా దారిలో ఇడ్లీ తినడం ఉంటుంది కదా. అది మీవారు ఒప్పుకుంటే బేరం సులువవుతుంది. ఇడ్లీలకు వేరే టైము, పక్షులకు వేరే టైము.


బ్రాడీపేట_అమ్మాయి | రాత్రి 11:10

ఇడ్లీ సంగతి చదివి ఆయన నవ్వారు. పక్కనే కూర్చుని థ్రెడ్ మొత్తం చదువుతున్నారు ఇప్పుడు. "ఈ కొంగ ఎవరో నాకు తెలుసు" అంటున్నారు.


ఉప్పలపాడు_కొంగ | రాత్రి 11:12

తెలియదని చెప్పండి.


బ్రాడీపేట_అమ్మాయి | రెండో వారం శుక్రవారం, రాత్రి 9:25

చాలామంది ఏమైందని అడిగారు. ఏమైందో రాస్తున్నాను.

సుబ్బు గారి పద్ధతి తీసుకున్నాం, కొంచెం మార్చి. మంగళ, గురువారాలు సాయంత్రం ఆరు నుంచి ఇల్లు ఆయనది. అత్తయ్య గారు వంటింట్లోకి వెళ్లకూడదని ఆవిడ ముందే అనుకున్నాం. ఆవిడకు అది మింగుడు పడలేదు. "వాడు నిలబడి వండుతుంటే నేను కూర్చోవాలా" అని మొదటి రోజు టీవీ కూడా పెట్టుకోలేదట. ఆయన వండింది టమాటా పప్పు. మంగళవారం పప్పు, గురువారం పప్పు. బాబుకు ఇష్టమే కాబట్టి గొడవ లేదు. ఫోన్ మాత్రం ఒకసారి వచ్చింది, ఇంగువ ఎక్కడ అని. నేను ఎత్తలేదు. గుడి బయట చెప్పుల దగ్గర నిలబడి మోగుతున్న ఫోన్‌ని చూస్తూ ఉండడం మాత్రం కష్టమే.

శనివారం మాత్రం తేలలేదు. ఆయన కెమెరా బ్యాటరీలు, కార్డులు సర్దుకునేది ఆ సాయంత్రమే, నా ప్రాక్టీసూ అప్పుడే. ప్రస్తుతానికి బాబు నాతో గుడికి వస్తున్నాడు, ప్రసాదం కోసం. అది పరిష్కారం కాదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆదివారాల్లో నెలకు ఒకటి దూరం, ఒకటి ఇంట్లో అందరం కలిసి, మిగతావి తొమ్మిదికల్లా ఇంటికి రావాలి అనుకున్నాం. వచ్చాక ల్యాప్‌టాప్ బాబు పడుకున్న తర్వాతే. ఉప్పలపాడుకి బుధవారం సాయంత్రం తండ్రీ కొడుకులు వెళ్లొచ్చారు. వీడు ఇంటికి వచ్చి గూడబాతులా నోరు తెరిచి అన్నం పెట్టమంటున్నాడు. నేను ఆ బుధవారం ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. డాబా మీద కూర్చున్నాను. అత్తయ్య గారు "ఒంట్లో బాగాలేదా" అని అడిగారు.

డబ్బు గురించి లెడ్జర్ గారి సలహా ఇంకా ఎత్తలేదు. ఒకేసారి అన్నీ పెడితే బెదిరిపోతారని. లెన్స్ ఈఎంఐ మార్చికి అయిపోతుంది, అప్పుడు చూస్తాను.

ఒక్క ముడి మిగిలింది. భోగికి ముందు శని, ఆదివారాలు వాళ్ల బ్యాచ్ సూళ్లూరుపేట వెళ్దామని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. పులికాట్ సరస్సులో రాజహంసలు (ఫ్లెమింగోలు), నేలపట్టులో గూడబాతులు. సరిగ్గా ఆ రెండు రోజులే మాకు గోదా కల్యాణం ఫుల్ రిహార్సల్, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఆ తర్వాత వెళ్లమంటే "అప్పటికి పక్షులు ఉంటాయో ఉండవో" అంటున్నారు.


లక్ష్మీపురం_లెడ్జర్ | రాత్రి 9:50

మార్చి దాకా ఆగడం మంచి ఆలోచన. ఈఎంఐ తీరగానే ఇంకో లెన్స్ రాకుండా ముందు రోజే అడగండి.


కృష్ణలంక_కమల | రాత్రి 10:05

భోగికి మీ బృందం చీర రంగు ఏది? మాది ఆకుపచ్చకు ఎర్ర అంచు. రెండు బృందాలూ ఒకటే కడితే బాగుండదు, ముందే చెప్పు.


ఉప్పలపాడు_కొంగ | రాత్రి 10:30

పక్షులు ఉంటాయండీ. నేలపట్టులో గూడబాతులు మార్చి దాకా ఉంటాయి. గూళ్లలో పిల్లలు ఎదుగుతుంటాయి కాబట్టి తర్వాత వెళ్తేనే ఫొటోలు బాగుంటాయి. రాజహంసలు కూడా పులికాట్‌లో నీళ్లుండి మేత దొరికినంత కాలం కదలవు. సంక్రాంతి దాటాక జనవరి ఆఖరి వారం వెళ్లమనండి. మీ మిర్చి హడావుడి కూడా అప్పటికి ఇంకా ముదరదు. పండగ ముందు రైళ్లలో సీటు దొరకదు, హైవే మీద కార్లు కదలవు. బ్యాచ్‌కి నేను చెప్తాను. ఆయన చెప్తే ఇంట్లో ఒప్పుకోలేదా అని ఏడిపిస్తారు, నేను చెప్తే నీటిమట్టం సంగతి అనుకుంటారు.